మా గల్లీలో బెల్లం

మా బెల్లం బరువు 42 కిలోలు. నా బరువు అడగకండి గానీ, తాడుకు అటు చివర అది, ఇటు చివర నేను ఉన్నప్పుడు ఎవరు ఎవరిని తీసుకుపోతున్నారో చూసేవాళ్లకు అంతుపట్టదు. బెల్లం అంటే మా కుక్క. రాట్‌వీలర్ జాతి, ఆడది. ఒళ్లంతా కాకి నలుపు. కళ్ల మీద రెండు చుక్కలు, బుగ్గలు, ఛాతీ, కాళ్లు మాత్రం ముదురు బెల్లం రంగు. పేరు అందుకే.

పేరు పెట్టింది నేనే. ఆడదా మగదా అని కూడా చూడకుండా మా అబ్బాయి టైసన్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రూపం ఎలాగూ భయపెడుతుంది, పేరు కూడా భయపెట్టాలా? గల్లీలో నిలబడి "టైసన్" అని అరిస్తే ఎదురొచ్చేవాళ్లు పక్కకు దూకుతారు. "బెల్లం, ఇటు రా తల్లీ" అంటే కనీసం నవ్వుతారు. నవ్విన మనిషి కొంచెం తక్కువ భయపడతాడని నా లెక్క. ఆ లెక్క సగమే నిజమైంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మేముండేది నల్లగొండలో, రామగిరి వైపు. ఇక్కడి పాత గల్లీలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు బైకులు ఎదురెదురుగా వస్తే ఒకరు ఎవరింటి మెట్లో ఎక్కాల్సిందే. మా ఇంటి గోడ, పక్కింటి గోడ ఒకటే. వాళ్లింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు. అలాంటి చోట ఇంత పెద్ద కుక్క. 2021 జనవరిలో మా వారి స్నేహితుడికి పుణె బదిలీ అయితే, వాళ్ల కుక్క పిల్లల్లో ఒకటి మా ఇంటికి వచ్చింది. అప్పుడు దానికి రెండు నెలలు. నా రెండు చేతుల్లో పట్టేది. మా అత్తమ్మ దాని కాళ్ల లావు చూసి, "కుక్కను పెంచుడు కాదు బిడ్డా, ఇది దుడ్డెను పెంచుడే" అంది. ఆవిడ పశువుల ఇంట్లో పుట్టింది, కాళ్లు చూసి ఎంత ఎదుగుతుందో చెప్పగలదు.

ఈ జాతి సంగతి నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలో రాట్‌వీల్ అనే ఊరుంది. ఆ ఊళ్లో కసాయివాళ్లు పశువులను సంతకు తోలుకుపోవడానికి, మాంసం బండ్లు లాగడానికి ఈ కుక్కలను పెంచారు. రైళ్లు వచ్చాక పశువులను నడిపించుకుపోయే పని పోయింది, కుక్కల సంఖ్యా పడిపోయింది. 1910లో పోలీసు పనికి పనికొస్తాయని గుర్తించాక మళ్లీ నిలదొక్కుకున్నాయి. అంటే ఇది పుట్టుకతో కాపలా రౌడీ కాదు, పశువుల వెంట తిరిగిన పనిమంతురాలు. చదివినప్పుడు నాకు మా ఊరి గొర్లమందలు గుర్తొచ్చాయి. మా పుట్టిల్లు పాలమూరు జిల్లాలో, దేవరకద్ర దగ్గర. ఎండలు ముదిరితే మా కురుమోళ్లు మందలు తోలుకుని మేత ఉన్న చోటికి నెలల తరబడి పోయేవాళ్లు. వెంట కుక్కలు. మంద మధ్యలోకి మేం చిన్నపిల్లలం పోతే ఆ కుక్కలు కరిచేవి కావు, అడ్డంగా వచ్చి నిలబడేవి, అంతే. బెల్లం కూడా అదే చేస్తుంది. మా అమ్మాయి రాత్రి నీళ్లకని లేస్తే వెళ్లి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది, మళ్లీ పడుకోబెట్టేదాకా కదలదు.

ఇంత పెద్ద కుక్కను పెంచాలంటే ఏం కావాలని చాలామంది అడుగుతారు. డబ్బు అనుకుంటారు. డబ్బూ కావాలి, కాదనను. కానీ అంతకంటే ఎక్కువ ఇంట్లో ఒక మనిషి కావాలి, రోజంతా. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. కుక్క కావాలని పిల్లలు అడుగుతారు, సరేనని ఆయన అంటారు, తెల్లవారుజామున అయిదింటికి తాడు పట్టుకుని గడియారం సెంటర్ వైపు నడిచేది మాత్రం ఇల్లాలు.

అయిదింటికే ఎందుకంటే మా ఎండలు. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. పైగా నల్లటి బొచ్చు. పొద్దున తొమ్మిది దాటితే మా సిసి రోడ్డు మీద దాని పాదాలు కాలతాయి. ఎవరో చెప్పిన చిట్కా ఒకటి పాటిస్తాను: రోడ్డు మీద అరచేతి వెనుక భాగం ఆనించి అయిదు లెక్కపెట్టాలి. అంతసేపు ఉంచలేకపోతే కుక్కను దించకూడదు. మధ్యాహ్నం అంతా కూలర్ ముందు తడి గోనెబస్తా మీద పడుకుంటుంది. ఆ కూలర్ మా అత్తమ్మ గదిలోది. గది మారలేదు, కూలర్ మారలేదు, ఆవిడ మంచం మాత్రం కొంచెం పక్కకు జరిగింది. ఎవరు జరిపారని నేను అడగలేదు.

తిండికి పెద్ద తంటా లేదు. పొద్దున జొన్న గట్క, పెరుగు, ఒక ఉడకబెట్టిన గుడ్డు. రాత్రి అన్నంలో ఉప్పు, కారం లేకుండా ఉడకబెట్టిన కోడి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష అసలు పెట్టకూడదు, అవి కుక్కలకు విషం. పండుగకు వచ్చిన చుట్టాలకు ఈ మాట చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. నీళ్ల సంగతి మాత్రం మా అత్తమ్మదే. ఆవిడ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లు, గట్టిపడ్డ నడుములు చిన్నప్పటి నుంచి కళ్లారా చూసిన మనిషి. ఒకరోజు నేను వాకిట్లో గోలెంలో బోరు నీళ్లు నింపుతుంటే లోపలి నుంచే కేకేసింది: "దానికి బోరు నీళ్లు పొయ్యకు, కృష్ణ నీళ్లు పొయ్యి. దానికి మాత్రం బొక్కలుండవా?" బొక్కల మాట నిజమే. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. నున్నటి టైల్స్ మీద జారితే ఇంకా పాడవుతాయని డాక్టరు చెప్పారు. అందుకని మా హాల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా రబ్బరు పట్టాలు పరిచాం. ఇంటికొచ్చినవాళ్లు ఇదేం ఇల్లు, జిమ్మా అంటారు. అననీ.

నేర్పడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు పని అక్కడే ఉంది. చిన్న కుక్క మీదికి ఎగిరితే ముద్దు. 42 కిలోలది ఎగిరితే ముసలావిడ తుంటి విరుగుతుంది. కాబట్టి రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. కొట్టకుండా. అది ఎగిరితే వీపు తిప్పి నిలబడేదాన్ని, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే తల నిమిరేదాన్ని. గిన్నె ముందు పెట్టి "ఆగు" అనేదాన్ని. మొదట్లో రెండు సెకన్లు ఆగేది, నెల తిరిగేసరికి నేను పప్పు తాలింపు వేసి వచ్చేదాకా ఆగడం నేర్చుకుంది. ఆ నాలుగు నెలల్లోనే గొడుగు, హెల్మెట్, కుక్కర్ విజిల్, ఉల్లిగడ్డల బండి మైకు, డీజే, చేతికర్ర పట్టుకున్న తాత, బుర్ఖా వేసుకున్న మా టైలరమ్మ, ఇలా అన్నీ దగ్గర నుంచి చూపించాను. కుక్క కరిచేది ఎక్కువగా భయంతోనే. తెలియని వస్తువు దానికి భయం. పట్నంలో తెలియని వస్తువులకు కొదవేముంది?

మనుషులకు మాత్రం దాన్ని ఎలా చూపించాలో నాకు తెలియలేదు. ఎందుకంటే మనిషి దగ్గరికి అది వెళ్లేలోపే దాని పేరు వెళ్లిపోతుంది. "రాట్‌వీలరా? అమ్మో, మనుషులను చంపుతదట కదా!" సినిమాల్లో విలన్ ఇంటి గేటు దగ్గర ఉండేది ఇదే. వాట్సాప్ వీడియోల్లో ఉండేదీ ఇదే.

2023 మొదట్లో రెండు వార్తలు వెంటవెంటనే వచ్చాయి. జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో అపార్టుమెంటుకు తిండి పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, ఆ ఇంటి కుక్క మీదికి వస్తుంటే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది జర్మన్ షెపర్డ్. ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీటీవీ వీడియో మీరూ చూసే ఉంటారు. నేను సగంలో ఆపేశాను. మా పక్కింటి వదిన మొత్తం చూసింది.

వదిన గురించి చెప్పాలి. వాళ్ల చిన్నోడికి అయిదేళ్లప్పుడు బస్టాండు దగ్గర వీధికుక్క పిక్క పట్టుకుంది. సబ్బు పెట్టి నీళ్ల ధార కింద పావుగంట కడగాలని అక్కడున్న మెడికల్ షాపతను చెప్పాడు, ఆ మాట వాళ్లను కాపాడింది. తర్వాత పెద్దాసుపత్రికి నాలుగుసార్లు తిరిగారు: కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. అప్పటి నుంచి ఆ పిల్లవాడు కుక్కను చూస్తే ఏడవడు, అరవడు. అక్కడికక్కడే బిగుసుకుపోతాడు. ఏడ్చినా బాగుండు అనిపిస్తుంది.

ఇంతలో 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. 23 జాతుల కుక్కలు మనుషుల ప్రాణాలకు ప్రమాదమని, వాటి అమ్మకానికి, పెంపకానికి అనుమతులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. పిట్‌బుల్, మాస్టిఫ్‌లతో పాటు రాట్‌వీలర్ పేరూ ఉంది. జర్మన్ షెపర్డ్ పేరు లేదు. ఉండాలని కాదు, పేర్లతో జాబితా రాస్తే ఇలాగే ఉంటుందని చెప్తున్నాను. ఆ ఉత్తరం మా గల్లీకి వచ్చేసరికి "రాట్‌వీలర్లను గవర్నమెంటు బ్యాన్ చేసింది, ఇంట్లో ఉంటే కేసు" అయిపోయింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అయిదారు ఇళ్లవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. ఎదురింటి రిటైర్డు సారు ముందు, వదిన అందరి వెనక. బెల్లాన్ని లోపలి గదిలో వేసి గొళ్లెం పెట్టి, అందరికీ చాయ్ పెట్టాను. సారు మర్యాదగానే మాట్లాడారు. ఉత్తరంలో ఏముందో నేను చదివి వినిపించాను, పెంచుకుంటున్నవాళ్లు వదిలేయాలని అందులో లేదని చూపించాను. సారు తలూపారు. నేను దాని గురించి చెప్పుకుంటూ పోయాను: ఇంతవరకు ఎవరినీ గీరలేదు, పిల్లలంటే ప్రాణం, పిల్లి వచ్చినా పక్కకు జరుగుతుంది. అప్పుడు వెనక నుంచి వదిన అంది:

"నీ కుక్క మంచిదే కావొచ్చు వదినా. గానీ అది మంచిదని నా కొడుక్కు ఎట్ల తెలుస్తది?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ రాత్రి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "ఊరికి పంపెయ్ అక్కా, మామిడి తోట కాడ కట్టేస్తం. జాగా ఉంది, ఎవ్వరేమనరు." మా వారికి ఆ మాట నచ్చింది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. వినడానికి మంచి మాటే. కానీ కట్టేస్తం అన్న మాట దగ్గరే నా మనసు ఆగింది. రోజంతా గొలుసుకు కట్టేసిన కుక్కే మనుషులను చూస్తే పిచ్చెత్తినట్టు మీదపడుతుంది. ఇంట్లో మెత్తగా పెరిగినదాన్ని తోటలో కట్టేసి, అందరూ భయపడే కుక్కను మనమే తయారుచేసినట్టవుతుంది. రెండోది, ఊళ్లో ఎవ్వరేమనరు అనుకునే రోజులు కావవి. నెల కిందటే, ఫిబ్రవరిలో, మా ఊరికి ఎంతో దూరంలో లేని అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో ముసుగులేసుకుని కారులో వచ్చినవాళ్లు రాత్రికి రాత్రి 20 వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. తర్వాత పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. చెప్పిన కారణం ఏమిటంటే, తాము పెంచుకునే కుక్కను వీధికుక్కలు కరిచి చంపాయట. కుక్క మీద ప్రేమతో కుక్కలను చంపారు. మా అమ్మ ఫోన్లో ఇది చెప్పినప్పుడు చాలాసేపు నాకు అర్థం కాలేదు.

నిద్ర పట్టక పడుకున్నప్పుడు డిగ్రీలో చదివిన ఆదిపర్వం గుర్తొచ్చింది. నన్నయ భారతం కథ మొదలయ్యేది కుక్క తగవుతోనే. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవశుని కొడుకు అక్కడికి వస్తాడు. ఏమీ ముట్టుకోడు, అయినా రాజు తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ వచ్చి రాజుతో, న్యాయం ఆలోచించకుండా ఏ పాపం ఎరుగనివాళ్లకు కీడు చేసేవాళ్లకు, కారణం కనిపించని భయాలు వస్తాయని చెప్పి వెళ్లిపోతుంది. మా లెక్చరర్ గారు ఆ పద్యాన్ని రాజులకు నీతి అని చెప్పారు. నాకు ఆ రాత్రి వేరేగా తోచింది. సరమ కొడుకు పక్షాన నిలబడడం నాకు సులువు, నా ఇంట్లోనూ ఒకటి ఉంది కదా. కానీ వదిన భయం కారణం లేనిది కాదు. దానికి పిక్క మీద మచ్చ ఉంది, నాలుగు ఇంజెక్షన్లున్నాయి. దాన్ని అపోహ అని కొట్టిపారేస్తే నేనూ ఆ రాజు తమ్ముళ్ల పక్కనే నిలబడాలి.

మర్నాడు పొద్దున మా వారితో చెప్పాను, బెల్లం ఎక్కడికీ పోదు, కానీ ఇల్లు మారాలి అని. ఇల్లు మారడమంటే అద్దె ఇల్లు వెతకడం కాదు. వెల్డింగ్ అతన్ని పిలిచి మా గేటుకూ వాకిలికీ మధ్య ఇంకో జాలీ గేటు పెట్టించాం. ఒకటి మూస్తేనే ఇంకోటి తెరవాలి, ఇంట్లో అందరికీ అదే లెక్క. కాలింగ్ బెల్‌ను బయటి గోడకు మార్చాం, పార్సిల్ అబ్బాయి గాని పాలాయన గాని లోపలికి చెయ్యి పెట్టే పని లేకుండా. బంజారాహిల్స్ కుర్రాడిది ఏ తల్లి కడుపో. పొద్దున అయిదింటికి, రాత్రి తొమ్మిదిన్నరకు తప్ప గల్లీలోకి తీసుకురానని సారుతో చెప్పాను. వచ్చినప్పుడు మూతికి చిక్కం. దాన్ని మజిల్ అని అమ్ముతారు గానీ, మా ఊళ్లో పంటలో నోరు పెట్టకుండా ఎడ్లకు కట్టే చిక్కం లాంటిదే. తోలుది కాదు, నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం కొన్నాం. మా అబ్బాయికి కోపం వచ్చింది. "ఏం తప్పు చేసిందని దానికి శిక్ష?" అన్నాడు. శిక్ష కాదు నాయనా, నువ్వు బండెక్కితే హెల్మెట్ పెట్టుకోవా అన్నాను. నిజానికి రోజూ చిక్కంలో ముందే ఒక గుడ్డు ముక్క వేసి చూపిస్తే వారం లోపల అదే వచ్చి మూతి పెట్టడం మొదలుపెట్టింది. బాధ మాకే, దానికి లేదు.

ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరాన్ని కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్ల మాట వినకుండా రాశారన్నది ఒక కారణం. గల్లీ గ్రూపులో మా అబ్బాయి ఆ వార్త పెట్టబోతే నేను ఆపాను. మనం గెలిచినట్టు ఎందుకు చెప్పాలి? ఆపరేషన్ కూడా మానలేదు. ఉత్తరం ఉన్నా లేకపోయినా చేయించాలని ముందే అనుకున్నాం. ఆడకుక్కకు గర్భసంచి తీయిస్తే దానికి చీము పట్టే జబ్బు రాదు, పిల్లల కోసం మా గేటు ముందు వీధికుక్కల గుంపూ చేరదు. వానలు మొదలయ్యాక చేయించాం. పది రోజులు మెడకు ప్లాస్టిక్ గంప పెట్టుకుని గోడలకు కొట్టుకుంటూ తిరిగింది. మా అత్తమ్మ మొదటిసారి దాన్ని ముట్టుకున్నది అప్పుడే. గంప లోపలికి చెయ్యి పోనిచ్చి చెవి వెనక గోకుతోంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది. వంటింట్లో పనున్నట్టు నేను వెనక్కి వచ్చాను.

వదిన కొడుక్కిప్పుడు ఎనిమిదేళ్లు దాటాయి. బెల్లం దగ్గరికి రాడు. రావాలని నేను పిలవను, ఎవరినీ పిలవనివ్వను. "ఏం కాదురా, ముట్టుకో" అనే మాట మా ఇంట్లో నిషేధం. భయపడే పిల్లవాడి చెయ్యి పట్టి కుక్క మీద పెట్టించడం వాడికీ మంచిది కాదు, కుక్కకూ మంచిది కాదు. మొన్న బడికి పోతూ మా జాలీ గేటు ముందు నిలబడి, లోపల పడుకున్నదాన్ని కాసేపు చూశాడు. బిగుసుకుపోలేదు. "పెద్దమ్మా, దానికి ముసలితనం వచ్చిందా?" అని అడిగాడు. మూతి చుట్టూ తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి మరి. ఇప్పుడే అయిదో ఏడు నిండబోతోంది, ఈ జాతి బతికేది తొమ్మిది, పదేళ్లే అని వాడితో చెప్పలేదు. "కొంచెం" అన్నాను. తలూపి వెళ్లిపోయాడు.

వదిన మాత్రం మారలేదు. ఇంకా మా గోడ పక్క నుంచి కాకుండా ఎదురుగోడ పక్క నుంచే నడుస్తుంది. ఏడాదికోసారి, రేబిస్ టీకా నెల వచ్చేసరికి నాకంటే ముందే ఆవిడకు గుర్తుంటుంది. గేటు బయట నిలబడి, "వదినా, కార్డు చూపియ్యి" అంటుంది. నేను తెచ్చి ఇస్తాను. కళ్లజోడు పెట్టుకుని తేదీ, డాక్టరు సంతకం, సీసా మీది స్టిక్కరు చూస్తుంది. చూసి తిరిగిచ్చేస్తుంది. ఈసారి వచ్చే నెలలో వేయించాలి.